మెల్లగా ఎక్కు... క్షేమంగా దిగు!

మంచుకొండ ఎక్కాలన్న కోరిక ఇప్పుడు మెట్ట ఊళ్లలోనూ పుడుతోంది. పుట్టనివ్వాలి కూడా. అయితే మైదానంలో పెరిగిన ఒంటికి ఎత్తు కొత్త. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆరు నెలల ముందు నుంచీ ఏం చేయాలి? రోజుకు ఎంత ఎక్కాలి? ఏ లక్షణం కనిపిస్తే దిగిపోవాలి? మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్, మల్లి మస్తాన్ బాబు నడిచిన దారులు మనకేం నేర్పుతాయి?

హైదరాబాద్ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి పాలేరు దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి అడుగుపెట్టే చోట ఉంటుంది గరికపాడు. జగ్గయ్యపేట మండలం. చుట్టూ మిరప, పత్తి చేలు. అడుగున సున్నపురాయి. కాస్త దూరంలో సిమెంటు ఫ్యాక్టరీలు. ఈ నేల సముద్రమట్టానికి వంద మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కొండ అంటే ఇక్కడి వాళ్లకు కృష్ణ ఒడ్డున వేదాద్రి, జగ్గయ్యపేట దగ్గరి తిరుమలగిరి, విజయవాడ దారిలో కొండపల్లి కోట. చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున చేల మీద పరుచుకునే పొగమంచు. వేసవిలో మాత్రం నందిగామ, జగ్గయ్యపేట ఎండలు రాష్ట్రమంతటికీ తెలుసు.

ఇలాంటి ఊరి నుంచి ఒక అమ్మాయో అబ్బాయో ‘నేను హిమాలయం ఎక్కుతాను’ అంటే ఇంట్లో వాళ్లకు మొదట భయం వేస్తుంది. ఆ భయం సహజమే. అంతమాత్రాన ఆ కోరికను అణచేయకూడదు. భయాన్ని ప్రశ్నలుగా మార్చుకుంటే అదే సగం రక్షణ. ఎక్కడికి? ఎంత ఎత్తు? ఎన్ని రోజులు? ఎవరితో? ఒంట్లో బాగోకపోతే ఎలా దిగుతారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన బిడ్డను ధైర్యంగా పంపవచ్చు. చెప్పలేకపోతే, చెప్పగలిగే దాకా ఆగమనాలి.

ఈ మాటలు కుర్రకారుకే కాదు. కేదార్‌నాథ్ గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉంది. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తున. కైలాస పరిక్రమలో దాటే డోల్మా కనుమ 5,600 మీటర్లు మించుతుంది. యాత్ర బస్సుల్లో బయల్దేరే మన పెద్దమ్మలు, బాబాయిలు పర్వతారోహకులమని అనుకోరు. వాళ్ల ఊపిరితిత్తులకు మాత్రం అది ఎత్తే.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. కాళ్ల బలం, గుండె దమ్ము ఊళ్లోనే సంపాదించుకోవచ్చు. ఎత్తుకు తట్టుకునే శక్తి మాత్రం ఎత్తులోనే వస్తుంది, రోజులు గడిస్తేనే వస్తుంది. మొదటి దాన్ని చూసుకుని రెండోదీ ఉందనుకోవడం దగ్గరే చాలా ప్రమాదాలు మొదలవుతాయి.

గాలి అదే, ఒత్తిడే తక్కువ

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. గరికపాడులోనూ, ఎవరెస్ట్ కొసనా గాలిలో ఆక్సిజన్ వంతు ఒక్కటే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. సుమారు 5,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉండేదాంట్లో సగానికి పడిపోతుంది. ఎవరెస్ట్ శిఖరం మీద మూడో వంతే మిగులుతుంది. ఒత్తిడి తగ్గితే ఊపిరితిత్తుల నుంచి నెత్తురులోకి చేరే ఆక్సిజన్ తగ్గుతుంది.

దీనికి ఒంటి దగ్గర జవాబు ఉంది, కానీ దానికి వ్యవధి కావాలి. మొదటి గంటల్లోనే ఊపిరి వేగం, గుండె వేగం పెరుగుతాయి. ఊపిరి పెరిగితే నెత్తురులో కార్బన్ డయాక్సైడ్ తగ్గి క్షార గుణం ఎక్కువవుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలకు కొన్ని రోజులు పడుతుంది. ఎత్తులో మూత్రం ఎక్కువగా రావడం అందుకే, అది మంచి గుర్తే. ఎర్ర రక్తకణాలు చెప్పుకోదగ్గంతగా పెరగడానికి వారాలు పడుతుంది. ఈ పనుల్లో ఏ ఒక్కటీ మన తొందర చూసి త్వరపడదు.

సాధారణంగా 2,500 మీటర్లు దాటాక ఎత్తు జబ్బు మొదలవుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఎత్తయిన కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి, అవి కూడా 1,700 మీటర్లు మించవు. అంటే మన నేల మీద ఎన్ని కొండలు ఎక్కినా, ఎత్తు మన ఒంటికి పడుతుందో లేదో ఇక్కడ తెలియదు.

ఈ సంగతి మన దేశం చేదుగానే నేర్చుకుంది. 1960లలో మైదానాల నుంచి హిమాలయ సరిహద్దుకు హడావిడిగా తరలించిన సైనికుల్లో ఎంతోమంది జబ్బు పడ్డారు. ఇందర్ సింగ్, ఆయన తోటి సైనిక వైద్యులు అలాంటి 1,925 మందిని పరిశీలించి 1969లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రపంచంలో ఎత్తు జబ్బు మీద వచ్చిన తొలి పెద్ద అధ్యయనాల్లో అది ఒకటి. జబ్బు పడినవాళ్లు బలహీనులు కారు, కవాతు చేసి రాటుదేలిన జవాన్లు. ఎత్తుకు వేగంగా చేర్చడమే వాళ్లను దెబ్బతీసింది.

పూర్ణ ఒక్కసారిగా ఎక్కలేదు

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ మీద నిలబడింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన వ్యవసాయ కూలీల బిడ్డ, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమెతో పాటే శిఖరం చేరినవాడు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఆ ఫొటోలు ఊరూరా గోడలకెక్కాయి. ఆ ఫొటో వెనక ఉన్న నెలలే గోడకెక్కలేదు.

అప్పట్లో గురుకులాల సొసైటీ కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, 2007లో ఎవరెస్ట్ ఎక్కిన బచినేపల్లి శేఖర్ బాబు కలిసి పిల్లలకు ఒక దారి వేశారు. మొదట భువనగిరి కోట రాతి మీద శిక్షణ. వందకు పైగా పిల్లలు తాడు కట్టుకోవడం, రాతిని పట్టుకోవడం, జారితే ఏం చేయాలో అక్కడ నేర్చుకున్నారు. వాళ్లలోంచి కొందరిని ఎంపిక చేసి డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. మంచు మీద నడక, రెనాక్ శిఖరం ఆ శిక్షణలోనే. తర్వాత లద్దాఖ్ చలికాలం. ప్రతి మెట్టు దగ్గరా వడపోత, చివరికి ఇద్దరు. ఎవరెస్ట్ యాత్రకే 52 రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఎక్కువ భాగం ఎక్కడానికి కాదు, ఎక్కి దిగి, మళ్లీ ఎక్కి ఒంటిని అలవాటు చేసుకోవడానికే గడుస్తుంది.

పూర్ణ ఆ తర్వాత ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలన్నీ పూర్తి చేసింది. 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలీతో ఆ జాబితా ముగిసింది. ఎవరెస్ట్‌కు, డెనాలీకి మధ్య ఎనిమిదేళ్లు!

ఆమె వయసును చూసి పన్నెండు, పదమూడేళ్ల పిల్లలను తొందరపెట్టే తల్లిదండ్రులకు ఒక విన్నపం. నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కడానికి కనీస వయసు 16 ఏళ్లు. పూర్ణ ఎక్కింది టిబెట్ వైపు నుంచి. ఆమె వెనక ఒక ప్రభుత్వ సంస్థ, అనుభవం ఉన్న గురువు, దశలవారీ ఎంపిక, షెర్పాల అండ ఉన్నాయి. ఆమె కథలో మనం అందుకోవలసింది ఆ మెట్ల వరస. వయసు రికార్డును కాదు.

ఆ మెట్లలో మొదటిది మన ఇంటికి దగ్గర్లోనే ఉంది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ గురుకుల, గిరిజన విద్యార్థులను ఎవరెస్ట్‌కు సిద్ధం చేసినప్పుడు తొలి శిక్షణ విజయవాడ చేరువలో, ఈ 65వ నంబరు రహదారి మీదే ఉన్న కేతనకొండలో సాగింది. నందిగామ వాళ్లు రోజూ బస్సులో దాటిపోయే ఊరు అది.

మస్తాన్ బాబును తలుచుకుంటూ

తెలుగు పర్వతారోహణ గురించి రాస్తూ మల్లి మస్తాన్ బాబు పేరు దాటేయడం తప్పు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో 1974లో పుట్టాడు. కోరుకొండ సైనిక్ స్కూలు, జంషెడ్‌పూర్, ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐఎం కలకత్తాలలో చదివాడు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కి ప్రపంచం చేత శభాష్ అనిపించుకున్నాడు. ఆయనకు చిన్ననాట కొండల మీద మనసు పుట్టించినవాడు అదే స్కూల్లో చదివిన లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు. 1985లో భారత సైన్యం చేపట్టిన ఎవరెస్ట్ యాత్రలో ప్రాణాలు విడిచిన ఐదుగురిలో ఆయనొకరు.

2015 మార్చి 24న చిలీ, అర్జెంటీనా సరిహద్దులో, ఆండీస్ పర్వతాల్లోని ట్రెస్ క్రూసెస్ శిఖరం వైపు మస్తాన్ బాబు ఒంటరిగా కదిలాడు. వాతావరణం చెడింది. ఆ తర్వాత ఆయన మాట వినబడలేదు. రోజుల తరబడి గాలించాక ఏప్రిల్ మొదటి వారంలో మృతదేహం దొరికింది. ఆయనకు నలభై ఏళ్లు.

అంతటి వాడి మీద తీర్పు చెప్పే అర్హత ఇంట్లో కూర్చుని రాసేవాళ్లకు లేదు. ఆయన మరణం నుంచి మొదటిసారి వెళ్లేవాళ్లు తీసుకోవలసిన మాట ఒక్కటి ఉంది. ఏడు ఖండాల అనుభవం ఉన్నవాడికే వాతావరణం దారి ఇవ్వని రోజు ఉంటే, మనకు ఇవ్వని రోజులు ఎన్నో ఉంటాయి. కాబట్టి మొదటి యాత్రలో ఒంటరి నడక అనే మాటే వద్దు.

శిక్షణలో ఉన్నా కొండ కొండే. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపది కా డండా-2 మీద హిమపాతం విరుచుకుపడింది. ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ బృందంలో 29 మందిని కోల్పోయాం. శిక్షణ పొందితే ప్రమాదం పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. మన చేతిలో ఉన్న ప్రమాదాలనైనా మనం తగ్గించుకోవాలి. అలా చేతిలో ఉన్నవి చాలానే ఉన్నాయి.

ముందు డాక్టరు దగ్గరికి

బూట్లు కొనకముందే వైద్య పరీక్షలు చేయించుకోవాలి. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, ఈసీజీ తప్పనిసరి. నలభై దాటినవాళ్లు, ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్లు గుండె డాక్టరును కలిసి ఆయన చెప్పిన పరీక్షలన్నీ చేయించుకోవాలి. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే నెత్తురు మోసుకెళ్లే ఆక్సిజనే తక్కువ. దాన్ని సరిచేసుకోవడానికి నెలలు పడుతుంది కాబట్టి ఈ పరీక్ష మొదటి వారంలోనే జరగాలి.

సికిల్ సెల్ అనే రక్త జబ్బు పరీక్ష సంగతి చాలామందికి తెలియదు. తెలుగు నేల మీద గిరిజన కుటుంబాల్లో ఈ జన్యు లక్షణం ఎక్కువగా కనిపిస్తుంది. జబ్బు ఉన్నవాళ్లకు ఎత్తు ప్రాణాంతకం కావచ్చు. జబ్బు లేకుండా లక్షణం ఒక్కటే ఉన్నవాళ్లు కింద ఆరోగ్యంగా తిరుగుతారు. ఎత్తుకు వెళ్లాక మాత్రం ప్లీహం దెబ్బతినే ముప్పు వాళ్లకూ ఉంది. చిన్న రక్త పరీక్షతో తేలిపోయే విషయం ఇది.

షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు అది గడ్డకట్టకుండా ఒంటికి ఆనించి దాచుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోవాలి. గర్భిణులు ఈ ప్రయాణం మానుకోవాలి. పుచ్చుపన్ను ఉంటే ముందే చూపించుకోవాలి, కొండ మీద దంత వైద్యుడు దొరకడు. అమర్‌నాథ్ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి చేశారు. దాన్ని తెలిసిన డాక్టరు చేత ఒక సంతకంతో తెప్పించుకోవడం మనల్ని మనమే మోసం చేసుకోవడం.

ఎత్తు జబ్బు రాకుండా ఎసిటజోలమైడ్ అనే మాత్ర వాడతారు. పెద్దవాళ్లకు మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం ఎక్కువ కావడం దీనివల్ల కలిగేవే. మందుల షాపులో అడిగి తెచ్చుకుని మొదటిసారి కొండ మీద మింగే మందు కాదిది. డాక్టరు రాసివ్వాలి, ఇంటి దగ్గరే ఒకటి రెండు రోజులు వేసుకుని చూడాలి. మందు వేసుకున్నాం కదా అని వేగం పెంచితే మందూ కాపాడదు.

ఆరు నెలలు, ఊళ్లోనే

ఇక ఒంటిని సిద్ధం చేయడం. దీనికి జిమ్ లేకపోయినా పరవాలేదు. సాగర్ ఎడమ కాలువ కట్టలు ఉన్నాయి, గుడి మెట్లు ఉన్నాయి, కొండపల్లి దారి ఉంది.

మొదటి రెండు నెలలు వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున నడక, మెల్లని పరుగు కలిపి నలభై నిమిషాల నుంచి గంట. పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగం చాలు. కొండ మీద పనికొచ్చేది గంటల తరబడి ఆగకుండా సాగే ఈ దమ్మే. వారానికి రెండు రోజులు గుంజీలు, మెట్టు ఎక్కి దిగడం, నడుముకు, పొట్టకు బలమిచ్చే వ్యాయామాలు.

మూడు, నాలుగు నెలల్లో వీపున సంచి చేరాలి. నాలుగైదు కిలోలతో మొదలుపెట్టి పది, పన్నెండు కిలోల దాకా పెంచాలి. వేదాద్రి కొండో తిరుమలగిరో ఆ సంచితో పదేపదే ఎక్కి దిగాలి. దిగడాన్ని నిర్లక్ష్యం చేయొద్దు. మోకాళ్లు, తొడల ముందు కండరాలు దెబ్బతినేది దిగేటప్పుడే. అలసిన కాళ్లు తడబడి జరిగే ప్రమాదాలు తిరుగు దారిలోనే ఎక్కువ.

అయిదో నెలలో వారాంతం రెండు రోజులూ వరసగా ఆరేసి గంటలు, సంచితో, యాత్రలో వేసుకోబోయే బూట్లతోనే నడవాలి. మొదటి రోజు అలుపు తీరకుండానే రెండో రోజు నడవగలిగితే ఒళ్లు సిద్ధమవుతోందని అర్థం. చివరి పది రోజులు తగ్గించి, నిద్రకు ప్రాధాన్యం ఇవ్వాలి. జలుబు, దగ్గు తగిలితే ప్రయాణం వాయిదా వేయాలి. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్‌తో ఎత్తుకు వెళ్లడం ప్రమాదాన్ని పిలవడమే.

వేసవిలో సాధన చేసేవాళ్లు ఎండెక్కకముందే ముగించాలి. మెట్ట ఎండలో వడదెబ్బ తగిలించుకోవడం ఏ కొండకూ సాధన కాదు.

ఏ కొండ ముందు?

మొదటి మెట్టు 4,000 మీటర్ల లోపు ట్రెక్కింగ్. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ 3,810 మీటర్లు. తుంగనాథ్ పైనున్న చంద్రశిల కూడా 4,000 లోపే. ఇక్కడ తాళ్లతో పెద్దగా పని ఉండదు. మన ఒంటికి ఎత్తు పడుతుందో లేదో తెలుస్తుంది, ఏదైనా తేడా వస్తే దిగడం తేలిక.

రెండో మెట్టు శిక్షణ. డార్జిలింగ్ సంస్థ 1954లో, టెన్జింగ్ నార్గే ఎవరెస్ట్ ఎక్కిన మరుసటి ఏడాది పుట్టింది. టెన్జింగే అక్కడ తొలి శిక్షకుల పెద్ద. ఉత్తరకాశీ సంస్థ 1965లో వచ్చింది. మనాలీలోనూ ఒకటి ఉంది. ఇవి ప్రభుత్వ అండ ఉన్న సంస్థలు. సుమారు నాలుగు వారాల ప్రాథమిక కోర్సులో రాతి మీద, మంచు మీద నడవడం, తాళ్ల ముడులు, బూట్లకు క్రాంపాన్లనే ఇనుప ముళ్లు వేసుకోవడం, జారితే మంచు గొడ్డలి గుచ్చి ఆగడం, గాయపడినవాడిని దించడం నేర్పుతారు. సీట్లకు పోటీ ఎక్కువ, నెలల ముందే దరఖాస్తు చేసుకోవాలి. డబ్బు కట్టి తిన్నగా ఆరు వేల మీటర్ల శిఖరానికి వెళ్లేకన్నా అదే డబ్బుతో ముందు ఈ కోర్సు చేయడం మేలు.

మూడో మెట్టు అయిదు వేల మీటర్ల పైన సులువైన శిఖరం. మనాలీ దగ్గరి ఫ్రెండ్‌షిప్ పీక్ 5,289 మీటర్లు. పేరు చూసి తేలిగ్గా తీసుకోకూడదు, అక్కడ మంచు పగుళ్లూ ఉంటాయి, హిమపాతాలూ ఉంటాయి.

పడుకునే ఎత్తే అసలు లెక్క

ప్రపంచమంతటా వైద్యులు చెప్పే సూత్రం సరళమైనది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎక్కడం ఆపి ఒక రోజు అక్కడే ఉండాలి. పగలు ఇంకాస్త పైకి నడిచినా, రాత్రికి కిందికి వచ్చి నిద్రపోవాలి.

ఈ కొలతతో ఏ యాత్రనైనా తూచి చూడవచ్చు. తెలుగు కుర్రకారు ఎక్కువగా వెళ్లే ఆఫ్రికా శిఖరం కిలిమంజారో 5,895 మీటర్లు. అక్కడి మరంగు దారిలో మొదటి రాత్రి సుమారు 2,720, రెండో రాత్రి 3,720, మూడో రాత్రి 4,720 మీటర్ల దగ్గర పడక. ఆ అర్ధరాత్రే శిఖరానికి బయల్దేరతారు. రోజుకు వెయ్యి మీటర్లు! సూత్రం చెప్పినదానికి రెట్టింపు. తాళ్లు అక్కర్లేని కొండ అయినా చాలామంది వాంతులతో, తలపోటుతో మధ్యలోనే దిగిపోవడానికి కారణం ఇది. అదే దారిలో ఒక రోజు అదనంగా ఆగినా, ఏడెనిమిది రోజులు పట్టే పొడవైన దారి ఎంచుకున్నా ఒంటికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. ఒక రోజు ఖర్చు మిగులుతుందని పొట్టి యాత్రను ఎంచుకోవద్దు.

లేహ్‌కు విమానంలో దిగేవాళ్లకూ ఇదే మాట. ఢిల్లీ నుంచి గంటన్నర లోపే 3,200 మీటర్లు దాటిన చోట దింపేస్తారు. మొదటి రెండు రోజులు విశ్రాంతి. ఊరు చూడటం, ఫొటోలు మూడో రోజున.

ఈ గుర్తులు కనిపిస్తే...

తలనొప్పి, దానితో పాటు వికారం, ఆకలి మందగించడం, నీరసం, తల తిరగడం. ఎత్తు జబ్బు మొదటి రూపం ఇది. మంచి నీళ్లు, విశ్రాంతి, పారాసిటమాల్, అదే ఎత్తులో ఇంకో రాత్రి. చాలామందికి తగ్గిపోతుంది. తగ్గేదాకా ఒక్క అడుగు కూడా పైకి వేయకూడదు. ఎత్తులో ఉన్నప్పుడు ఒంట్లో ఏ తేడా వచ్చినా, ‘నిన్నటి తిండి పడలేదు’, ‘బస్సు ప్రయాణం పడలేదు’ అని సర్దిచెప్పుకోకుండా ముందు ఎత్తునే అనుమానించాలి.

రెండో రూపం మెదడు వాపు. మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, అడిగినదానికి పొంతన లేని జవాబు వస్తుంది. ఒక పాదం మడమను ఇంకో పాదం వేళ్లకు ఆనించి గీత మీద నడవమనండి. నడవలేకపోతే అది ప్రాణాపాయం. మూడో రూపం ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. కూర్చున్నా ఆయాసం, విడవని దగ్గు, ముదిరితే నురగతో గులాబీ రంగు కళ్లె. ఈ రెంటికీ అసలు మందు ఒక్కటే, దిగడం. అర్ధరాత్రయినా సరే, దారి సురక్షితంగా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా, తోడుతో, కనీసం మూడు వందల నుంచి వెయ్యి మీటర్ల కిందికి. ఆక్సిజన్, డెక్సామెథసోన్, నిఫెడిపిన్ లాంటివి దిగేదాకా నిలబెట్టడానికే. దిగడానికి అవి బదులు కావు.

వేలికి తగిలించే ఆక్సీమీటర్ కోవిడ్ కాలం నుంచి మన ఇళ్లలో ఉంది. తీసుకెళ్లండి. కానీ చలికి గడ్డకట్టిన వేలు తప్పు అంకె చూపిస్తుంది. అంకె బాగుండి మనిషి తూలుతుంటే మనిషినే నమ్మాలి.

ఈ లక్షణాలను దాచేవాళ్లే ఎక్కువ. అప్పు చేసి వచ్చామనో, ఊళ్లో ఫ్లెక్సీ కట్టారనో, బృందంలో చిన్నబోతామనో తలనొప్పిని మింగేస్తారు. పైగా వేగంగా నడవగల బలమున్నవాళ్లే తొందరగా ఎత్తు చేరి ఇందులో చిక్కుకుంటారు. వయసు, కండ ఈ జబ్బును ఆపవు. రోజూ సాయంత్రం బృందంలో ఒకరినొకరు నిజాయతీగా అడిగి చెప్పుకునే అలవాటు ప్రాణాలు కాపాడుతుంది.

పత్తి నేల నుంచి వెళ్తూ పత్తి బట్ట వదలాలి

మన ఎండకు నూలు బట్ట అమృతం. మంచులో అదే శత్రువు. చెమటకు తడిసి ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఒంటికి ఆనే పొర ఉన్నిదో, త్వరగా ఆరే సింథటిక్‌దో ఉండాలి. దాని మీద వేడి నిలిపే పొర, ఆపైన గాలినీ తడినీ ఆపే పొర. చేతులకు రెండు జతల తొడుగులు, మేజోళ్లు అదనంగా. మంచు మీద ఎండ తిరగబడి కళ్లను కాలుస్తుంది కాబట్టి నల్ల కళ్లద్దాలు లేకుండా గంట కూడా నడవకూడదు. వేలు మొద్దుబారి తెల్లబడితే మంచుతోనో మంట దగ్గరో రుద్దవద్దు. గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి, అదీ మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాకే.

ఎత్తులో ఆకలి చస్తుంది. అయినా తినాలి. అన్నం, ఉప్మా, గంజి లాంటివి తేలిగ్గా ఒంటబడతాయి. ఇంటి నుంచి వేరుశనగ చెక్కీలు, ఖర్జూరాలు, నోరు చచ్చినప్పుడు రెండు ముద్దలు దిగడానికి కాస్త ఊరగాయ తీసుకెళ్లండి. రోజంతా కొద్దికొద్దిగా మూడు నాలుగు లీటర్ల నీళ్లు. మద్యం, నిద్ర మాత్రలు ఊపిరిని మందగింపజేస్తాయి, ముట్టుకోవద్దు.

తీసుకెళ్లేవాళ్లను అడగండి

డబ్బు కట్టకముందు ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. గైడ్ ఏ సంస్థలో శిక్షణ పొందాడు? ఎంతమందికి ఒక గైడ్? ఆక్సిజన్ సిలిండర్, స్ట్రెచర్ బేస్ క్యాంప్‌లో ఉంటాయా? ఒకరు జబ్బు పడితే వాళ్లతో దిగేదెవరు, మిగతావాళ్లతో ఉండేదెవరు? వాతావరణం కోసం అదనపు రోజులు ఉన్నాయా? శిఖరానికి అనుమతులు ఎవరి పేరున ఉన్నాయి? మీరు వెళ్లే ఎత్తుకు, హెలికాప్టర్ తరలింపుకు బీమా వర్తిస్తుందా? ‘వంద శాతం సమ్మిట్ గ్యారంటీ’ అనేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. అలాంటి హామీ ఇచ్చినవాడు మిమ్మల్ని దించడానికి తటపటాయిస్తాడు.

విదేశాల నుంచి వచ్చే మన పిల్లలకు ఒక జాగ్రత్త. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే పరికరాలు మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా వాడకూడదు. వాటితో పట్టుబడితే కేసు అవుతుంది.

వెనుదిరగడం కూడా సాధనలో భాగమే

శిఖరం రోజున ఏ వేళకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలో ముందు రోజే తేల్చుకోవాలి. కొస కళ్లెదుట ఉన్నప్పుడు, ఆక్సిజన్ అందని మెదడు సరైన నిర్ణయం తీసుకోదు. అందుకే ఆ నిర్ణయం కింద, ప్రశాంతంగా, ఇంట్లో వాళ్లకు చెప్పి మరీ తీసుకోవాలి. 2024 సెప్టెంబర్‌లో పాలేరు పొంగి గరికపాడు దగ్గర జాతీయ రహదారే ఆగిపోయింది. ఆ వరదను చూసి ఒడ్డున నిలిచిపోయినవాళ్లను ఎవరూ పిరికివాళ్లని అనలేదు. మంచుకొండ మీద ఆగినవాళ్లకూ ఆ గౌరవం దక్కాలి. ‘పైదాకా వెళ్లావా?’ అని కాకుండా ‘ఒంట్లో ఎలా ఉంది?’ అని పలకరించే ఇల్లు ఉంటే, ఆ బిడ్డ కొండ మీద నిజం చెప్పగలుగుతుంది.

ఇదంతా ఇంట్లో వాళ్ల మీద, పిల్లల మీద వదిలేసే పని కూడా కాదు. పూర్ణకు, ఆనంద్‌కు ఒక వ్యవస్థ దారి వేసింది కాబట్టే వాళ్లు ఎక్కారు, క్షేమంగా దిగారు. జగ్గయ్యపేట, నందిగామ ఉన్నత పాఠశాలల్లో అలాంటి ఆసక్తి ఉన్న పిల్లలు ఇప్పుడూ ఉన్నారు. వాళ్లకు కొండపల్లి రాళ్ల మీద తాడు పట్టడం నేర్పే వారాంతపు శిబిరం కావాలి. రక్తహీనత, సికిల్ సెల్ పరీక్షలు కావాలి. ప్రాథమిక కోర్సు ఫీజుకు ఆసరా కావాలి. తీర్థయాత్ర బస్సు కదిలే ముందు పెద్దవాళ్ల బీపీ, షుగర్ చూసి, ఎత్తు జబ్బు గుర్తులు చెప్పే ఒక పూట ఆరోగ్య శిబిరం కావాలి. వీటిలో దేనికీ కోట్లు అక్కర్లేదు. పట్టుదలతో అడిగేవాళ్లు కావాలి. గ్రామసభలో అడగండి, పాఠశాల కమిటీలో అడగండి, మీ ఎమ్మెల్యేను అడగండి. ఈ వారమే రక్త పరీక్షతో మొదలుపెట్టండి.